హిందూపురములో ఎనిమిది దినములు

ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు ఏమేమి సర్దవలెనో మన యిండ్లలో ప్రతి గృహిణికిని తెలియును. కుంకుమ బరిణె మొదలు పోపులపెట్టె వరకు దేనిని మరువము. కాని ఆడపిల్లను ఉద్యోగపు శిక్షణకై ఎరుగని యూరికి పంపునప్పుడు ఏమి సర్దవలెనో మాకు చెప్పినవారు లేరు. గడచిన మాఘమాసములో ఆ పని మాకు తటస్థించినది. మా అనుభవము సోదరీమణులలో కొందరికైనను ఉపకరించునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అమ్మాయి యంత్రశాస్త్రములో ఇంజనీరింగు నాలుగవ సంవత్సరము చదువుచున్నది. చివరి అర్ధ సంవత్సరము కళాశాలలో గాక కర్మాగారములో గడపవలెను. దానినే ఇంటర్న్‌షిప్పు అందురు. పెనుకొండ సమీపమున మోటారుకార్ల భాగములు చేయు నొక కర్మాగారములో ఆమెకు చోటు దొరకినది. ఆ వార్త విని మేము సంతోషించితిమి, మరునిమిషమున భయపడితిమి. మాది గోదావరి తీరము. ఆ ప్రాంతమున మాకు చుట్టములు లేరు, స్నేహితులు లేరు. "అంత దూరము ఆడపిల్లను ఒంటరిగా ఉంచుటకు మనకేమి గతి పట్టినది?" అని అత్తగారు అడిగిరి. మావారు మాత్రము, "వెళ్ళి చూచి రండి. నచ్చకున్న తీసికొని రండి" అనిరి.

అందుచేత మేమొక పని చేసితిమి. తొమ్మిదవనాటి రాత్రి బండికి తిరుగు టిక్కెట్లు ఒకటి గాక రెండు కొంటిమి. ఈ సంగతి అమ్మాయికి చెప్పలేదు.

ఆదివారమునాడు ఉదయము కిటికీ తెరచి చూచునప్పటికి దేశమే మారిపోయినది. కాలువలు లేవు, వరిచేలు లేవు. ఎఱ్ఱని నేల, గుండ్రాళ్ళు పేర్చినట్లున్న కొండలు, ఇక్కడొక చింతచెట్టు, అక్కడొక వేపచెట్టు. వర్షము తక్కువగా కురియు మన దేశపు ప్రాంతములలో అనంతపురపు సీమ ముందువరుసలోనిది. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఇక్కడి పాలు. ధర్మవరము, పెనుకొండ దాటి రైలు హిందూపురము చేరినది. ఇవి మూడును ఒకప్పుడు అనంతపురము జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ నుండి పుట్టపర్తి ముఖ్యపట్టణముగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి.

పెనుకొండ కర్మాగారమునకు దగ్గర, హిందూపురము పెద్దయూరు. హిందూపురము నుండి కర్మాగారపు బస్సు పోవుచున్నదని తెలిసి, ఇక్కడనే ఇల్లు వెదకుటకు నిశ్చయించుకొంటిమి. ఆ రాత్రికి రైలుస్టేషను చేరువ నొక లాడ్జిలో దిగితిమి.

సోమవారము మూడిండ్లు చూచితిమి. మొదటి యింటివారు "పెండ్లి కాని పిల్లకు ఇయ్యము" అనిరి. రెండవ యింటివారు ముందు కులమడిగిరి, పిమ్మట "ఎవరైనను మగవారు చూడ వత్తురా?" యని మా అమ్మాయి ముఖము చూచుచునే అడిగిరి. మూడవ యింటివారు పది నెలల అద్దె ముందుగా కోరిరి. అది బెంగుళూరు వాడుక. ఆ నగరము ఇక్కడికి నూరు కిలోమీటర్ల దూరముననే యున్నది గనుక ఈ యూరికిని అంటినది కాబోలు. సాయంకాలము లాడ్జికి తిరిగి వచ్చి ఇద్దరమును మాటలాడుకొనలేదు. అమ్మాయి గోడవైపు తిరిగి పడుకొనినది. "టిక్కెట్లు రెండు కొనుట మంచిదే యైనది" అని మేము లోలోపల అనుకొంటిమి.

మంగళవారము ఉదయము కాఫీ త్రాగిన హోటలువాని భార్య మా ముఖములు చూచి సంగతి అడిగి, వెనుకవీధిలో నున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని యింటికి మమ్ము పంపినది. ఆమె భర్త గతించిరి. కుమారుడు పరదేశమున నున్నాడు. ఆమె మమ్ము కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, ఒక్క ప్రశ్న మాత్రమే అడిగినది: "పాప వంట చేసుకుంటాదా, మెస్సులో తింటాదా?"

"చేసుకొంటుందండీ" అంటిమి.

"అట్లయితే మిద్దె పైన గది ఉండాది. నీళ్ళు దినం మార్చి దినం వస్తాయి. పట్టి పెట్టుకోవల్ల. రాత్రి పొద్దుపోయి వచ్చినా గేటు తాళం నా దగ్గరే ఉంటాది, పిలిస్తే తీస్తా" అని ఆమె చెప్పినది. కులము మాట గాని, మగవారి మాట గాని ఆమె నోట రాలేదు. రెండు నెలల అద్దె ముందుగా ఇచ్చి తాళపుచెవి పుచ్చుకొంటిమి.

నీటి మాట గోదావరివారికి వింతగా నుండును. మేము పుట్టి బుద్ధెరిగిన తరువాత నీరు కొలిచి వాడుకొనలేదు. ఇచ్చటి స్త్రీలు కొలుతురు. బియ్యము కడిగిన నీరు మొక్కలకు, బట్టలు జాడించిన నీరు ముంగిటికి. శ్రీశైలము వెనుకజలము నుండి హంద్రీ-నీవా పథకముద్వారా ఎత్తిపోయగా, పెనుకొండ చేరువనున్న గొల్లపల్లి జలాశయమునకు కృష్ణమ్మ ఇప్పుడు వచ్చుచున్నది. అంతదూరము నుండి యంత్రములతో కొండలెక్కి వచ్చిన నీటిని పారబోయుటకు ఎవరికి చేతులు వచ్చును? మొదటిదినము మా అమ్మాయి బకెట్టు నిండా నీరు పోసి గది కడిగినది. ఇంటామె ఏమియు అనలేదు. మెట్లమీదుగా దిగిన నీటిని మాత్రము చీపురుతో తులసికోట వైపు త్రోసినది. అది చాలినది. మరునాటి నుండి అమ్మాయి చెంబు లెక్కపెట్టినది.

బుధవారము అంగడికి వెళ్ళితిమి. తెలుగుదేశములోనే తెలుగు రాక ఇబ్బంది పడుట ఇదియే ప్రథమము. ఉల్లిపాయ లడిగిన "ఎర్రగడ్డలా?" అనిరి. వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ, చిలగడదుంప గెణుసుగడ్డ, కొబ్బరికాయ టెంకాయ, కందిపప్పు బేళ్ళు. మాటకు మాటకు నడుమ కన్నడము దొరలుచుండును. ఎల్లకు అవతల కర్ణాటకమే గదా! పెద్దవారిని, చిన్నవారిని, ఒక్కొక్కప్పుడు ఆడువారిని సైతము "ఏమప్పా" యని పలుకరింతురు. ఈ యూరు చింతపండుకును, బెల్లమునకును పేరుపడిన అంగడి. రెండును కొంటిమి. రాగిపిండియు కొంటిమి. ఆ రాత్రి ఇంటామె దగ్గర నిలిచి ముద్ద కెలకుట నేర్పినది. అన్నము ఉడికి మెత్తబడిన పిమ్మట రాగిపిండి కుప్పగా పోసి, కదపక కొంతసేపు మూత పెట్టి, అటుపిమ్మట తెడ్డుతో గట్టిగా కెలకవలెను. తొందరపడి ముందుగా కలిపిన ఉండలు కట్టును. వేరుశనగలు వేయించి రోట నూరిన ఊరుబిండి దానికి తోడు. మా అమ్మాయి ముద్ద నమలబోగా, "నమలకూడదు పాపా, మింగల్ల" అని ఆమె నవ్వినది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. భోజనమైన పిమ్మట రైలు టిక్కెట్ల సందేశ మొకటి మా టెలిఫోనులో మ్రోగగా అమ్మాయి తీసి చూచినది. రెండు పేర్లును చదివినది. "నీవు నన్ను దింపుటకు రాలేదమ్మా, తీసికొనిపోవుటకు వచ్చితివి" అనినది. మాకు జవాబు తోచలేదు. "నచ్చకున్న..." అని మొదలుపెట్టితిమి. "ఎవరికి నచ్చకున్న?" అని ఆమె అడిగినది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రశ్న న్యాయమైనదే. పిల్లకు ధైర్యము లేదేమో యని మేము వచ్చితిమి గాని, ధైర్యము లేనిది ఎవరికో ఆ రాత్రి తెలిసినది.

గురువారము, దారి చూచుకొనుటకై పెనుకొండకు పోయితిమి. ఇచ్చటి మార్పునకు కారణము అందరెరిగినదే. పెనుకొండ మండలములోని ఎర్రమంచి యొద్ద కార్ల కర్మాగారము స్థాపించుటకై కొరియా దేశపు కియా సంస్థవారు 2017 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిరి. 2019 ఆగస్టులో ఇక్కడ తయారైన కారు విపణికి వచ్చినది; అదే సంవత్సరము డిసెంబరులో కర్మాగారము లాంఛనముగా ప్రారంభమైనది. ఏటికి మూడు లక్షల కార్లు చేయగలుగునట్లు దానిని నిర్మించిరి. భాగములు చేయు కర్మాగారములు దాని చుట్టును వెలసినవి. సముద్రములు దాటి కొరియావారు కుటుంబములతో వచ్చిరి. రహదారి ప్రక్కల భోజనశాలల పలకలమీద తెలుగు, ఇంగ్లీషు అక్షరములతో పాటు వారి గుండ్రములు, గీతలు గల అక్షరములును కనబడును.

కూరగాయల అంగడిలో ఒక కొరియా స్త్రీ మిరపపొడి చేతిలో వేసికొని వాసన చూచుచుండెను. ఆమె ప్రక్కన ఐదారేండ్ల పిల్లవాడు దూరమున నున్న తండ్రిని "అప్పా! అప్పా!" యని కేకవేసెను. అంగడివాడు తననే యనుకొని "ఏమప్పా?" యని తిరిగెను. అందరమును నవ్వితిమి. వారి భాషలో తండ్రిని అప్పా యనియే పిలుతురు. తల్లిని ఇంచుమించు అమ్మా యనియే. ఆమె తన టెలిఫోనులో తమ భాషలో పలుకగా అది తెలుగులో చదివెను. ఆ తెలుగు వంకరగా నున్నను భావము తెలిసినది. కిమ్చి పెట్టుటకు మిరపపొడి కావలెను. ఘాటు తక్కువగా, రంగు ఎక్కువగా నుండవలెను. కోసుగడ్డను ఉప్పులో ఊరవేసి, మిరపపొడి, తెల్లగడ్డ, అల్లము పట్టించి జాడీల కెత్తుదురట. శీతకాలమునకు ముందు ఇరుగుపొరుగు స్త్రీలందరును కూడి పెట్టుదురు. ఆ ఆచారమును 2013లో యునెస్కోవారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. మన ఆవకాయ దినములు మాకు జ్ఞప్తికి వచ్చినవి.

"మీ అమ్మాయి ఇక్కడ చదువుచున్నదా?" అని ఆమె అడిగినది. సంగతి చెప్పితిమి. ఆమె కొంత తడవు టెలిఫోను చూచి, మరల పలికినది. అది ఇట్లు చదివెను: "నా పెద్ద కూతురు మా దేశంలో ఉంది. నేను ఇక్కడ. మొదటి నెల నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు." ఆమె నవ్వుచునే చెప్పినది. మా అమ్మాయి మావైపు చూడలేదు. మేమును ఆమెవైపు చూడలేదు.

మధ్యాహ్నము గగనమహలు చూచితిమి. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము పడిపోగా, రామరాయల తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన పరివారముతో ఈ కొండకు వచ్చి, దీనిని రాజధాని చేసికొనెను. అప్పటికే ఇది ఆ రాజ్యమునకు బలమైన దుర్గము. చరిత్రలో రాజు వచ్చెనని వ్రాసిరి గాని, ఆయన వెంట వచ్చిన అంతఃపురస్త్రీలు మొదటిరాత్రి ఎక్కడ పొయ్యి రాజేసిరో ఎవరును వ్రాయలేదు. రామాలయము, శివాలయము ప్రక్కప్రక్కనే యున్నవి. ఊరిలో బాబయ్య దర్గాకు అన్ని మతములవారును పోవుచుందురు. జైనుల పార్శ్వనాథాలయమును కలదు. ఎందరో ఎక్కడెక్కడినుండియో వచ్చి నిలిచిన యూరిది. కొరియావారు మొదటివారు కారు. మా అమ్మాయి చివరిది కాదు.

శుక్రవారము మరల హిందూపురములో పట్టుగూళ్ళ అంగడి చూచితిమి. చుట్టుప్రక్కల రైతులు మల్బరీ ఆకు మేపి పెంచిన గూళ్ళను తెచ్చి వేలము వేయుదురు. తెల్లనివి, లేత పసుపువి, తట్టలనిండ. ఒక్కొక్క గూటినుండి వెయ్యి మీటర్ల వరకు తెగని పోగు వచ్చునని చెప్పిరి. గూళ్ళను వేడినీట వేసి, కొన్నిటి పోగులు కలిపి ఒక దారముగా తీయుదురు. ఆ వేడినీట గంటలకొలది చేతులు ముంచువారిలో స్త్రీలును ఉందురు. మనము కట్టుకొను పట్టుచీర మెత్తదనములో వారి చేతుల మెత్తదనము పోవుచున్నదని గ్రహింపవలెను.

ఆ పట్టు చీర యగుట చూడవలెనని శనివారము రైలులో ధర్మవరము పోయితిమి. ధర్మవరపు చీర వెడల్పైన అంచునకు, బరువైన జరీ కొంగునకు ప్రసిద్ధము. లేపాక్షి గుడి పైకప్పు చిత్రములలోని స్త్రీల చీరల నమూనాలు ఈ అంచులలో దిగినవని చెప్పుదురు. ఒక నేతవారి యింటికి పోయితిమి. ముందుగది నిండ గుంటమగ్గమే. మగవాడు గుంటలో కాళ్ళుంచి నేయును. భార్య కండెలు చుట్టును. పనులన్నిటిలోను ఆమె చేయి ఉండును, కాని నేతగాడని ఆయనకే పేరు. మరమగ్గముల చీరలు చేనేత పేరుతో అమ్ముడుపోవుచుండుట వీరి పెద్ద దుఃఖము. చీర మొదలైన వస్త్రములను చేనేతకు ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినది. చట్టము వచ్చినంత మాత్రమున బేరమునకు వచ్చువారి కన్ను మారదు. కొనునప్పుడు నేసినచోటు అడుగుట మన చేతిలోని పని.

మేము పోవునప్పటికి ఆ ఇల్లాలు ఒక చిత్రమైన పనిలో నున్నది. పాత పడుగు ముగిసినది. దాని కొసలు అచ్చులోనే వ్రేలాడుచున్నవి. క్రొత్త పడుగు తెచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకొని, ఒక్కొక్క క్రొత్త పోగును ఒక్కొక్క పాత పోగు కొసకు మెలిపెట్టి అతుకుచున్నది. వేలకొలది పోగులు.

"పాతది కోసి పారేసి, కొత్తది ఎక్కించరాదా?" అని మా అమ్మాయి అడిగినది.

"అట్ల చేస్తే ప్రతి పోగునూ మళ్ళీ మొదటినుంచి అచ్చులో దూర్చల్ల పాపా. దినాలు పడతాది. ఇట్ల అతికితే పాతదే కొత్తదాన్ని లాక్కొనిపోతాది. చీర మొదలైనాక అతుకు మిగలదు, కోసేస్తాం" అని ఆమె చెప్పినది.

తిరుగు రైలులో అమ్మాయి తనంత తానే మాటలాడినది. యంత్రముల సంగతి, ఆ మగ్గము సంగతి, కర్మాగారములో తనకు భయమైన సంగతియు చెప్పినది. "అందరును మగవారే యుందురేమో నమ్మా" అనినది. అట్టి భయము ఆమెకున్నదని మాకు ఇదివరకు చెప్పలేదు. చెప్పిన ఇంటికి తీసికొనిపోదుమని ఆమె భయము. మేము టిక్కెట్లు దాచితిమి. ఆమె బెదురు దాచినది.

ఆదివారమునాడు ఇద్దరమును కూర్చుండి ఒక కాగితముమీద వ్రాసికొంటిమి. ఇంటామె టెలిఫోను సంఖ్య, బస్సు వేళలు, దగ్గరి వైద్యాలయము, స్త్రీల సహాయమునకు 181, అత్యవసరమునకు 112. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతిచోటను స్త్రీల ఫిర్యాదులు వినుటకు ఒక సంఘ ముండవలెననియు, దానికి స్త్రీయే అధ్యక్షురాలుగా నుండవలెననియు 2013 సంవత్సరపు చట్టము విధించినది. శిక్షణలో నున్నవారికిని అది వర్తించును. జరిగిన మూడు నెలలలోగా వ్రాసి ఇయ్యవలెను. ఈ సంగతి మా అమ్మాయికి తెలియదు. మాకును నిన్నమొన్నటి వరకు తెలియదు. ఆడపిల్లలను పనికి పంపు ప్రతి తల్లియు పోపులపెట్టెతో పాటు దీనిని కూడ సర్ది పంపవలెనని మా మనవి. సంఘములో ఎవరెవరున్నారో మొదటిదినముననే అడిగి వ్రాసికొమ్మని చెప్పితిమి.

పిమ్మట టెలిఫోను తీసి, రెండు టిక్కెట్లలో అమ్మాయిది రద్దు చేయుమని ఆమె చేతికే ఇచ్చితిమి. కోతపోగా మిగిలిన పైకము తిరిగి వచ్చినది. ఆ పైకముతో నీరు పట్టుకొనుటకు మూతగల పెద్ద డ్రమ్ము కొంటిమి.

సోమవారము ఉదయము చీకటి విడకమునుపే బస్సు వచ్చినది. చలిగా నుండెను. అమ్మాయి ఎక్కి, కిటికీ ప్రక్కన కూర్చుండి, చేయి ఊపినది. ఆ బస్సులో మరి నలుగురైదుగురు ఆడపిల్లలుండిరి. ఒకతె ప్రక్కకు జరిగి చోటిచ్చినది. సాయంకాలము తిరిగివచ్చి, సంఘపు అధ్యక్షురాలి పేరు కాగితముమీద తానే వ్రాసినది. మేము అడుగలేదు.

ఆ రాత్రి మేము ఒంటరిగా బండి ఎక్కితిమి. ధర్మవరము దాటిన పిమ్మట టెలిఫోను మ్రోగినది. ఏమి కీడో యని గుండె దడదడలాడినది.

"అమ్మా, పోపులో ముందు ఎర్రగడ్డ వేయవలెనా, తెల్లగడ్డ వేయవలెనా?" అని అమ్మాయి అడిగినది.

తెల్లగడ్డయే ముందని చెప్పితిమి. చెప్పిన పిమ్మట గాని, ఆమె ఉల్లిపాయ అనలేదని మాకు స్ఫురింపలేదు.